లక్కిరెడ్డిపల్లె యుద్ధము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. గ్రామపు లెక్కలు చూచుట నా వృత్తి. భారత భాగవతములను గురుముఖమున గాక, రాత్రివేళ దీపము ముందు కూర్చుండి, నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, తడవుకొనుచు చదువుకొన్నవాడను. అట్టివానిని వేదిక నెక్కించి, మన సీమ చరిత్రలో నేదైన నొక ఘట్టమును గుఱించి చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. విజయనగర వైభవమును, గండికోట ముట్టడిని, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును మీరందఱు వినియేయున్నారు. కనుక ఎవరును అంతగా తలపని యొక యుద్ధమును గుఱించి చెప్పుదును.

లోకమున పెద్ద యుద్ధములకు చిన్న యూళ్ళ పేళ్ళే నిలిచినవి. 1815లో నెపోలియను ఓడిన వాటర్లూ బెల్జియము దేశమున నొక పల్లె. నిజమునకు పోరు జరిగినది దానికి కొంత దూరమున; గెలిచిన సేనాని ఆ పల్లెలో బస చేసి జాబు పంపినందున ఆ పేరు స్థిరపడెను. 1757లో క్లైవు గెలిచిన ప్లాసీ వంగదేశమున పలాశీ యను గ్రామము. పలాశమనగా మన మోదుగయే. కాకసస్ కొండల ప్రాంతమున జార్జియా యను చిన్న దేశము కలదు. అచ్చట దిద్గోరి యను చోట 1121లో దావీదు రాజు గెలిచిన పోరును, తొమ్మిది వందల యేండ్లు గడచినను, ఆ దేశస్థులు మఱవలేదు. అంత దూర మేల? పల్నాటి కారెంపూడిలో నేటికిని ఏటేట వీరుల నారాధించుచున్నారు. బొబ్బిలికి బుఱ్ఱకథ కలదు. లక్కిరెడ్డిపల్లెకు మాత్రము పాట గాని, పదము గాని యున్నట్లు నా చెవిని బడలేదు. ఆ పల్లె చేరువను దక్కను దేశమునకు ప్రభువైన యొక నైజాము ఏనుగు మీదనే ప్రాణము విడిచెనని చెప్పినచో, ఆ త్రోవను నిత్యము పోవువారే నమ్మరు.

ఆ యూరు రాయచోటికి ఉత్తరమున నున్నది. 2022వ సంవత్సరమున అన్నమయ్య జిల్లా యేర్పడువఱకు కడప జిల్లాలోనిదే. మనలో ననేకులకు ఆ ప్రాంతము అనంతపురము గంగమ్మ జాతర వలన తెలియును. పూర్వము బండ్లు గట్టుకొని, నేడు బస్సులెక్కి, శివరాత్రి దినములలో జనము అచ్చటికి పోవుచుందురు. చుట్టును గుట్టలు, నడుమ మెట్టచేలు, ముండ్లచెట్లు, వానవచ్చిననాడు మాత్రమే పాఱు వంకలు. గుట్టకును గుట్టకును నడుమ ఇఱుకైన కనుమలు. కొలదిమంది పొంచియుండి పెద్ద సేనను నిలిపివేయుటకు అనువైన తావు.

ఇక కథకు మొదలు చెప్పవలెను. దక్కనులో నైజాము వంశమునకు మూలపురుషుడైన నిజాముల్ ముల్కు 1748లో మరణించెను. ఆయన కుమారుడు నాసర్ జంగు గద్దె నెక్కెను. ఆయన కుమార్తె కొడుకు ముజఫర్ జంగు, తాత తనకే రాజ్యము నిచ్చెనని యెదురు తిరిగెను. అనగా మేనమామకును మేనల్లునికిని పోరు. భాగవతము చదివినవారికి ఇట్టి వైరము క్రొత్త కాదు. మేనల్లునికి పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లే బాసటయయ్యెను. మేనమామ ప్రక్కన ఇంగ్లీషువారు చేరిరి. అల్లుడు చేజిక్కగా నాసర్ జంగు వానికి సంకెలలు వేసి తన దండుతోనే త్రిప్పుచుండెను.

ఆ దండులో మన సీమ నవాబులును ఉండిరి. కర్నూలు నవాబు హిమ్మత్ ఖాను, కడప నవాబు, నేటి కర్ణాటకమునందలి సవణూరు నవాబు, మువ్వురును పఠానులు. వీరు పైకి నాసర్ జంగునకు విధేయులు. లోలోపల డూప్లేతో ఉత్తర ప్రత్యుత్తరములు నడపుచుండిరి. 1750 డిసెంబరు 16వ తేదీని సెంజి కోట చెంత ఫ్రెంచివారు రాత్రి వేళ దండుపై బడిరి. నాసర్ జంగు ఏనుగు నెక్కి తన నవాబుల యొద్దకు వచ్చి, శత్రువును తఱుమరేమని యడుగగా, తుపాకి గుండు ఆయన గుండెలో దూసికొని పోయెను. కాల్చినవాడు హిమ్మత్ ఖాను అని కొందఱు, కడప నవాబని కొందఱు వ్రాసిరి. ఎవ్వని చేయి యైనను, ఉప్పు తిన్న యింటికి చేసిన ద్రోహమే. నాసర్ జంగు తలను ఈటెకు గ్రుచ్చి దండంతయు చూపిరి. అంతకు ముందు గడియలో సంకెలలలో నున్న ముజఫర్ జంగు ఆ గడియలో దక్కను సుబేదారయ్యెను.

ద్రోహమునకు కూలి యిచ్చువారికి దాని వెల యెంతయో ముందుగా తెలియదు. మువ్వురు నవాబులును క్రొత్త ప్రభువు ముందు తమ పద్దు విప్పిరి. మూడేండ్ల పేష్కష్ బకాయి కొట్టివేయవలెను; ఇకముందు పేష్కష్ అసలే యుండరాదు; క్రొత్త సీమలు కావలెను; నాసర్ జంగు ఖజానాలో సగము తమకు రావలెను. అంతయు నిచ్చినచో సుబేదారునకు మిగులునది సుబేదారను పేరు మాత్రమే. పుదుచ్చేరిలో డూప్లే మధ్యవర్తియై బేరము తగ్గించి కుదిర్చెను. నవాబులు ఖురాను ముట్టి యొప్పుకొనిరి. ముజఫర్ జంగు తన వంతుగా, కృష్ణకు దక్షిణమున గల దేశమునకెల్ల డూప్లేను నవాబుగా ప్రకటించెను. ఆ దర్బారు వైభవమును దుబాసీ ఆనందరంగపిళ్ళె తన దినచర్యలో వ్రాసియుంచెను. ఆయన తమిళమున వ్రాసిన ఆ దినచర్య లేకున్నచో ఆనాటి సంగతులలో సగము మనకు దక్కకుండెడివి. తెలుగువారికి ఆయనతో మఱియొక బంధము కూడ కలదు: కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమను మన లక్షణగ్రంథమును ఆయనకే అంకిత మిచ్చెను. లెక్కలును కవిత్వమును ఒకే యింట ఇముడవని యెగతాళి చేయువారికి నేను ఈ పేరు చెప్పుచుందును.

1751 జనవరిలో ముజఫర్ జంగు తన రాజధానికై బయలుదేరెను. తోడుగా డూప్లే పంపిన ఫ్రెంచి బలము మూడు వందల తెల్ల సైనికులు, రెండువేల సిపాయిలు, పది ఫిరంగులు. దాని నాయకుడు బుస్సీ. బొబ్బిలి కథలో వచ్చు బుస్సీ దొర ఇతడే. ఆ కథ వలన ఆయనను ఉత్తర సర్కారుల వానిగనే మనము తలచుచున్నాము గాని, తెలుగునేలపై ఆయన నిజముగ పేరు గాంచినది అంతకు ఆరేండ్ల ముందు, మన కడప సీమ కనుమలో.

దండు ఆర్కాటు సీమ దాటి కడప నవాబు సీమలో ప్రవేశించెను. ఆ దినములను నేను పంచాంగపు లెక్కతో సరిచూచితిని. ప్రమోదూత నామ సంవత్సరము, మాఘమాసము, పున్నమి దాటి రెండు మూడు తిథులు. శివరాత్రికి పది దినముల ముందు. గ్రంథములలో యుద్ధము తేదీ ఫిబ్రవరి 13 అని కానవచ్చును. ఇంగ్లీషువారి పాత కాగితములలో తేదీలు భేదించినచో కలవరపడ నక్కఱలేదు. వారు 1752 వఱకు పాత పంచాంగమునే వాడిరి గనుక వారి లెక్క పదునొకండు దినములు వెనుకబడియుండెను. ఆ యేడు సెప్టెంబరు 2వ తేదీ మఱునాడు 14వ తేదీ యని వ్రాసి సరిపెట్టుకొనిరి.

మాఘమాసమని యెందులకు నొక్కి చెప్పుచున్నానో సేద్యగాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అది జొన్న కళ్ళములు సాగు కాలము. చొప్ప వాములు పడు కాలము. ఏడాదికి తిండియు, గొడ్లకు మేతయు ఇంటి చుట్టును పేర్చియుండు కాలము. బోదకొట్టములు ఎండకెండి పెళుసెక్కియుండు కాలము. అట్టి దినములలో వేలకొలది గుఱ్ఱములు, ఏనుగులు, ఒంటెలు, బండ్లు, అంగడివారు, పరిచారకులు కూడిన యొక నగరమే నడచివచ్చుచున్నదనుకొనుడు. గుఱ్ఱము ఎవ్వని పక్షముదైనను, చొప్ప కొఱికినచో చొప్పయే తఱుగును.

దండులోని కొందఱు రౌతులు ఊరివారితో తగవులాడిరి. ఆ తగవు ముదిరి కడప నవాబు సీమలోని పల్లెలకు నిప్పంటించిరి. కడప నవాబు ఆగ్రహించి, దండు వెనుకభాగముపై బడెను. ఆ వెనుకభాగమున జనానా బండ్లుండెను. స్త్రీలున్న తావుపై బడుట ముజఫర్ జంగునకు ఓర్వరాని అవమానమయ్యెను. వెంటనే యుద్ధమునకు దిగుదమనెను. బుస్సీ అడ్డుపడి, ముందు సంజాయిషీ యడుగుదమని మనుష్యులను పంపించెను. నవాబుల ప్రత్యుత్తరము సంధికి తావిచ్చునది కాలేదు. అంతలో వేగులవారు తెచ్చిన వార్త యేమనగా, ముందరి కనుమను పఠానులు ఆక్రమించి, ఫిరంగులు నిలిపియున్నారు.

ఇక్కడ నేను కొంచెము నిలిచెదను. ఈ యుద్ధమునకు కారణమేమి? ఫిరంగులు ఒక్క పూటలో కొండ మీదికి ఎక్కవు. త్రోవ చదును చేయవలెను, ఎద్దులు కావలెను, మందుగుండు చేర్చవలెను. కనుక పల్లెలు తగులబడుటకు ముందే నవాబులు పోరునకు సిద్ధపడిరనుట స్పష్టము. పుదుచ్చేరిలో ముట్టిన ఖురాను మీది ప్రమాణము నోటిమాటయే యైనది. ఆంగ్ల చరిత్రకారులు గూడ ఇంతవఱకు తేల్చి, పల్లెల సంగతి కేవలము సాకు అని యొక్క వాక్యమున దాటిపోవుదురు. వారి తర్కము సరియే. కాని సాకైనంత మాత్రమున మంట చల్లనిదగునా? నవాబునకు సాకు, ఆ కొట్టము గలవానికి కొట్టము. ఏ రౌతు నిప్పు పెట్టెనో, ఎన్ని యిండ్లు కాలెనో, ఏ గొడ్లు పలుపు త్రెంచుకొనలేక చచ్చెనో, ఎవ్వరును పద్దు వ్రాయలేదు. ఏనుగు పేళ్ళు సైతము వ్రాసికొను దర్బారులలో ఆ పల్లెల పేళ్ళు వ్రాయు ముంశీ దొరకలేదు. లెక్కల వృత్తిలో నున్నవానికి ఇది కంటికి నలుసువలె తగులును.

యుద్ధము జరిగిన తీరు చెప్పెదను. బుస్సీ ఫిరంగులు ముందునకు సాగి కనుమలోని పఠానులను చెదరగొట్టెను. ఆనాటి మన సేనలలోని పెద్ద ఫిరంగిని ఒకసారి కాల్చి మరల కూరుటకు చాల సేపు పట్టెడిది. ఫ్రెంచివారి చిన్న ఫిరంగులు చక్రములపై వేగముగ కదలుచు, కసరత్తు నేర్చిన చేతులలో వెంటవెంట ప్రేలుచుండెను. గెలుపునకు మూలమిదియే, ఇందులో మాయ యేమియు లేదు. కాలినడకనున్న ఫ్రెంచి బలము వెనుకబడగా, ముజఫర్ జంగు పౌరుషముతో తన రౌతులను వెంటబెట్టుకొని పాఱువారిని తఱుమసాగెను. బుస్సీ వలదని కబురంపినను వినలేదు. సవణూరు నవాబు అచ్చటనే కూలెను. కడప నవాబు గాయపడి పాఱిపోయెను. కర్నూలు హిమ్మత్ ఖాను కూడ పాఱిపోవుచు, తన్ను తఱుముచు వచ్చు ముజఫర్ జంగును చూచి నిలిచి, ఏనుగును వెనుకకు మఱల్చెను. రెండేనుగులు ఎదురెదురుగ వచ్చినవి. ముజఫర్ జంగు కత్తి యెత్తి వ్రేయబోవు క్షణమున హిమ్మత్ ఖాను ఈటె ఆయన తలలో దిగెను. మఱుక్షణమున చుట్టునున్న సైనికులు హిమ్మత్ ఖానును తునుకలు చేసిరి.

నాసర్ జంగు చంపబడి రెండు మాసములు నిండలేదు. చంపించినవారును, అందువలన గద్దె నెక్కినవాడును అదే త్రోవ పట్టిరి. ద్రోణపర్వములో రోజున కొక మహారథుడు పడుచుండును గాని, వారికి ధర్మమో అధర్మమో యేదో యొక పక్షముండెను. ఇచ్చట పక్షమే లేదు. హిమ్మత్ ఖాను మన కర్నూలువాడు గనుక వీరుడని పొగడువారును ఉన్నారు. నైజామును చంపినవాడని మెచ్చుకొనువారును ఉన్నారు. వెనుకకు తిరిగి ఏనుగును ఎదురు నడపిన ఆ గడియలో ఆయన ధైర్యము కాదనరానిది. కాని సెంజిలో ఒక ప్రభువును కూల్చి, ఖజానాలో సగ మడిగి, ఇయ్యనందున రెండవ ప్రభువును కూల్చినవానిని దేశభక్తుడనుటకు నా మనస్సొప్పదు.

సాయంకాలమునకు గెలిచిన దండులో ప్రభువు లేడు. జీతపు బకాయిలు నిలిచియున్నవి. ప్రభువు లేని దండు ఎట్లుండునో, యజమాని పోయిన యింట అప్పులవాండ్రు కూడినట్లు. ముజఫర్ జంగునకు పసివాడైన కుమారుడుండెను. కాని పసివాని పేర దండు నిలువదని బుస్సీ, దివాను రఘునాథదాసుతో ఆలోచించి నిశ్చయించెను. అదే దండులో నిజాముల్ ముల్కు చిన్న కుమారులు మువ్వురు బందీలుగ డేరాలలో నుండిరి: సలాబత్ జంగు, నిజాం అలీ, బసాలత్ జంగు. అందు పెద్దవాడైన సలాబత్ జంగును డేరానుండి తెచ్చి గద్దెపై కూర్చుండబెట్టిరి. ముజఫర్ జంగు ఫ్రెంచివారికి వ్రాసియిచ్చిన సనదులన్నిటిని క్రొత్త ప్రభువు ఒప్పుకొనెను. పసివానికి తండ్రి యేలిన ఆదోని సీమ నిచ్చి నోరు మూయించిరి.

మన గుట్టల నడుమ జరిగిన ఆ పూట పని యెంత గొప్పదో చూడుడు. ఢిల్లీ పాదుషా అనుమతి లేదు. వంశపు పెద్దల సభ లేదు. మూడు వందల తెల్లవారికి నాయకుడైన యొక యుద్యోగి, మూడు కోట్ల ప్రజ యనినను అతిశయోక్తి కాని దేశమునకు ప్రభువును ఎన్నుకొనెను, ఎవరును కాదనలేకపోయిరి. క్లైవు ఆర్కాటును పట్టినది ఆ యేడే, ఏడు మాసముల తరువాత. ప్లాసీ ఇంక నాఱేండ్లకు గాని రాలేదు. అచ్చట ఇంగ్లీషువారు చేసిన దానిని ఫ్రెంచివారు ఇచ్చట ముందే చేసి చూపిరి.

దండు అచ్చటి నుండి కర్నూలు మీదికి నడచెను. హిమ్మత్ ఖాను లేని కోట ఎంతసేపు నిలుచును? ఫ్రెంచివారు లగ్గలెక్కి పట్టిరి. లోనివారిని వధించిరి. హిమ్మత్ ఖాను భార్యయు బిడ్డలును బందీలైరి. తుంగభద్రా తీరమున ఆ దినము గుండె పగిలినవారిలో ఈ కుట్రలతో సంబంధమున్నవారు ఎందఱని అడుగవలదు. కర్నూలు బురుజుల క్రింద తిరుగునపుడు కొండారెడ్డి కథనే మనము చెప్పుకొనుచున్నాము. 1751 నాటి కథయును అందులో నొకటి కావలెను.

తరువాతి కథను లెక్కల మనిషిగా రెండు పద్దులలో చెప్పుదును. సలాబత్ జంగు ఫ్రెంచి బలమును తన యొద్దనే యుంచుకొనెను. వారికి జీతము లియ్యవలెను గదా! ఖజానాలో పైకము లేక, 1753లో ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు, ముస్తఫానగరము సర్కారులను బుస్సీకి ఒప్పగించెను. అదియే 1757లో బొబ్బిలి మంటలకు దారితీసెను. ఇది మొదటి పద్దు: సైన్యపు జీతము క్రింద సీమ ధారాదత్తము.

రెండవ పద్దు మనది. లక్కిరెడ్డిపల్లె డేరాలో బందీగ నున్న రెండవ రాకుమారుడు నిజాం అలీకి అప్పటికి పదునేడవయేడు. తన యన్నను తెల్లవారి ఫిరంగులు గద్దె నెక్కించుట ఆ బాలుడు కన్నులార చూచెను. 1762లో అతడే అన్నను దింపి తాను నైజామయ్యెను. నలువదియేండ్లు ఏలెను. ఈలోగా మన కడప సీమ ఎందఱి చేతులు మాఱినదో! 1757లో మరాటావారు వచ్చి కడప చెంత నవాబును కూల్చిరి. 1779లో హైదరు వచ్చెను. 1792లో శ్రీరంగపట్టణపు సంధి చేత నిజాం అలీకి చిక్కెను. 1800 అక్టోబరులో ఆ నిజాం అలీయే, ముసలితనమున, తన్ను కాపాడు ఇంగ్లీషు సైన్యపు ఖర్చు క్రింద, కడప, బళ్ళారి సీమలను కుంఫిణీకి వ్రాసియిచ్చెను. ఏ కనుమలో బాలుడుగ బందీయై యుండెనో ఆ కనుమయు ఆ కాగితములో చేరిపోయెను. ఫ్రెంచివారి స్థానమున ఇంగ్లీషువారు. సర్కారుల స్థానమున మన సీమ. ఖర్చు పద్దు ఒక్కటే. అందువలన మనకు దత్తమండలమను పేరు వచ్చెను. ఆ పేరు సహింపలేక 1928లో నంద్యాల సభలో మన పెద్దలు రాయలసీమ యను పేరు పెట్టుకొనిరి.

మన రైతుకు పట్టాయును, శిస్తు లెక్కయును ఒక త్రోవను పడినది 1800 తరువాత మన్రో దొర కలెక్టరుగ నున్న ఏడేండ్లలోననుటయు సత్యమే. దానిని గుఱించి చెప్పవలెనన్నచో మఱియొక సభ కావలెను. నా వృత్తికి మూలము అచ్చటనున్నది గనుక నేను మొదలిడినచో ఆపలేను.

ఇక మిగిలినది ఆ తగులబడిన పల్లెల సంగతి. ఓర్మ్ మొదలైన ఆంగ్లేయుల గ్రంథములలో వాని పేళ్ళు వెదకుట వృథా. మనకు మఱియొక ఆధారము కలదు. 1800 తరువాత మెకంజీ దొర, కావలి సోదరులైన బొఱ్ఱయ్య లక్ష్మయ్యగార్ల వంటివారి సాయముతో, ఊరూర కరణముల యొద్దనున్న కవిలెలను చూచి వ్రాయించిన కైఫీయతులే అవి. ఊరు ఎప్పుడు కట్టిరి, చెఱువు ఎవరు త్రవ్వించిరి, ఏ దండు వచ్చినపుడు ఊరు పాడుపడెను, మరల ఎవరు వచ్చి కాపురముండిరి. ఇట్టి సంగతులు అందు మన మాటలోనే కలవు. వానిలో కొంత కథయు కల్పనయు కలసియుండును. జల్లెడ పట్టి చూచుకొనవలెను. అయినను రాజుల చరిత్రకారులు వదలిన పొల్లును గింజను ఊరివారే యెత్తి దాచిన పాతర అది. కడప జిల్లా కైఫీయతులను కడపలోని బ్రౌను భాషా పరిశోధన కేంద్రమువారు సంపుటములుగ అచ్చువేసియున్నారు. రాయచోటి సీమకు చెందిన కైఫీయతులను ఈ కంటితో చదువవలెనని నాకు కోరిక. మన గ్రంథాలయమునకు ఆ సంపుటములను తెప్పింతునని కార్యదర్శిగారు నిన్ననే మాట యిచ్చినారు. ఈ సభలో మరల జ్ఞాపకము చేయుచున్నాను.

మీ యిండ్లలో అటకల మీదను, పాత పెట్టెలలోను తాటాకు కట్టలు గాని, మోడి లిపి కాగితములు గాని, పాత దానపత్రములు గాని యున్నచో, చెదలకు పెట్టక ఒకసారి ఇచ్చటికి తెండు. చదివి, నకలు వ్రాసికొని, మూలమును మీకే యిచ్చివేసెదము. ఆదివారములు మధ్యాహ్నము నుండి దీపము పెట్టువఱకు నేను ఇచ్చటనే యుందును.